మొదలు దొరకని మూడు కోర్సులు

మా మరదలి డిగ్రీకి మూడు క్రెడిట్లు తక్కువ. నూట ఇరవై కావాలి, నూట పదిహేడు ఉన్నాయి. మిగిలిన మూడూ ఒకే ఒక్క కోర్సువి. వచ్చే సెమిస్టర్‌లో అదొక్కటీ పాసైతే, ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల భుజాలకి పట్టాల పండగ గౌన్లు కుట్టిపెట్టిన మనిషి తనకంటూ ఒకటి కుట్టుకోవచ్చు.

ఆమె గౌన్లు కుట్టేదీ, నేను పనిచేసేదీ ఒకే యూనివర్సిటీలో. కేటలాగు విభాగానికి నేను సూపరింటెండెంట్‌ని. ఏ కోర్సుకి ఎన్ని క్రెడిట్లు, ఏది చదవాలంటే ముందు ఏది పాసై ఉండాలి, ఏ డిగ్రీకి ఏవి తప్పనిసరి, ఇవన్నీ ఉండే లావుపాటి పుస్తకం ఏటా నా చేతుల మీదుగానే ప్రెస్సుకి వెళుతుంది. అందులో కామా జారిపోయినా ఫోను నాకే వస్తుంది.

మరదల్ని డిగ్రీలో చేర్పించింది నా భార్య. దరఖాస్తు కూడా తనే నింపింది. 'ఇప్పుడు చదువు కొనసాగించడానికి కారణం' అన్న గడిలో 'ఊరికే' అని రాసింది. ఆ దరఖాస్తు మా ఆఫీసు బీరువాలోనే ఉంది. తను పోయి నాలుగేళ్లయింది. ఏదైనా ఫైలు కోసం బీరువా తీసినప్పుడు ఆ గుండ్రటి అక్షరాలు కనిపిస్తే ఆ పూట పని కాస్త తేలిగ్గా నడుస్తుంది.

ఈ ఏడు డిగ్రీ నిబంధనలు మార్చాలని పాఠ్య ప్రణాళికా సంఘం పూనుకుంది. ఫీల్డు సర్వే, రిపోర్టు రాయడం, స్టాటిస్టిక్స్, ఈ మూడు కొత్త కోర్సులూ ఇకపై అందరికీ తప్పనిసరి. కొత్తగా చేరేవాళ్లకే కాదు, ఒడ్డు దాకా ఈదుకొచ్చినవాళ్లకి కూడా. రెండు రకాల నిబంధనలు పక్కపక్కన నడపడం తన వల్ల కాదని డీన్‌గారు ముందే తేల్చేశారు.

సంఘం సమావేశానికి ముందురోజు సాయంత్రం మరదలు కింది వాటా నుంచి పైకి వచ్చింది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. వంటింటి బల్ల మీద ముసాయిదా పరుచుకుని, ఆమెకి ఇంకెన్నాళ్లు పడుతుందో లెక్కవేద్దామని కూర్చున్నాం.

"ముందు ఏది చదవాలి బావా?"

"ఫీల్డు సర్వే అనుకుంటాను. ఉండు. దానికి ముందు రిపోర్టు రాయడం పాసై ఉండాలట."

"అయితే రిపోర్టు రాయడం."

"దానికి ముందు స్టాటిస్టిక్స్ పాసవ్వాలి."

"సరే, స్టాటిస్టిక్స్. అంకెలంటే నాకేం భయం, పొద్దస్తమానం కొలతల్లోనేగా బతుకు."

పేజీ తిప్పాను. "దానికి ముందు ఫీల్డు సర్వే పాసవ్వాలి, చిట్టీ."

"మళ్లీ చదువు," అంది. చదివాను. మూడోసారి తనే వేలు పెట్టి చదువుకుంది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మా పెళ్లిలో పన్నెండేళ్ల పిల్లగా దండలు తారుమారైనప్పుడు నవ్వినట్టే నవ్వడం మొదలుపెట్టింది.

"ఇదేం చోద్యం బావా. దారం ఉండ ఇచ్చి కొస దాచేశారు. ఎవరు కుట్టారు దీన్ని?"

"ముగ్గురు. ఎవరి పేజీ వాళ్లు."

"మూడు పేజీలూ కలిపి ఎవరూ చూడలేదా?"

"కలిపి చూడాల్సినవాణ్ని నేనే. రెండుసార్లు చూశాను కూడా."

ఆ మాటకి ఆమెకి ఇంకా నవ్వొచ్చింది. నాకూ ఆగలేదు. కాస్త తెరిపిన పడ్డాక కళ్లు తుడుచుకుని అసలు విషయం అడిగింది. "రేపు ఇది పాసవ్వకపోతే ఏమవుతుంది?"

"ఐదింటికి పుస్తకం ప్రెస్సుకి వెళ్లాలి. అప్పటికి తేలకపోతే ఇంకో ఏడాది పాత నిబంధనలే."

"అంటే నాకు మూడు క్రెడిట్లే."

"మూడే. అదే వీళ్లు సరిచేసి పాస్ చేసుకుంటే, ఒకదాని తర్వాత ఒకటిగా మూడు సెమిస్టర్లు."

"అయితే నువ్వు రేపు నోట్లో నీళ్లు పోసుకుని కూర్చో."

"అలా కుదరదు. తప్పు కనబడితే చెప్పడానికేగా నాకు జీతం."

"తెలుసులే. నీకు ఓ చిన్న అబద్ధమైనా ఆడటం వచ్చుంటే కాపురం ఇంకాస్త సరదాగా ఉండేదని అక్క అంటూ ఉండేది."

మర్నాడు పొద్దున్నే డీన్‌గారి గదికి వెళ్లాను. వెనకాల అందరూ ఆయన్ని అరనిమిషంగారు అంటారు. ఏ పనికైనా ఆయన అడిగేదీ ఇచ్చేదీ అర నిమిషమే.

"మూడు శాఖలు చూశాయి సూపరింటెండెంట్‌గారూ. ఆరు సంతకాలున్నాయి. ఆరుగురూ పొరబడతారా?"

"ఎవరి పేజీలో వాళ్లు పొరబడలేదు సార్. మూడూ కలిపితేనే..."

"అర నిమిషం," అని మోగుతున్న ఫోను ఎత్తారు. ఆ అర నిమిషం నలభై నిమిషాలు సాగింది. చివరికి ఫోను చెవికి ఆనించుకునే, సమావేశంలో చెప్పండి అన్నట్టు చెయ్యి ఊపారు. చెప్పాల్సింది చెప్పాను, తేలాల్సింది తేలలేదు. మెట్లు దిగుతుంటే ఈల వేయాలనిపించింది. ఈల వేయడం నాకు రాదు.

మూడింటికి సమావేశం మొదలైంది. నా వంతు నాలుగింటికి వచ్చింది. లేచి, మూడు పేజీలూ వరసగా చదివాను. ఎవరికీ ఏమీ అనిపించలేదు. మళ్లీ మొదటి పేజీ చదివాను.

"అది అయిపోయిందిగా," అన్నారు డీన్‌గారు.

"అవ్వడం లేదు సార్. అదే చెబుతున్నాను."

ఆయనకి కాగితం మీద అర్థం కాలేదు. "అర నిమిషం. ఈ కోర్సులు రాసిన ముగ్గురూ లేవండి. మీ కోర్సుకి ముందు ఎవరిది రావాలో, వాళ్ల భుజం మీద చెయ్యి వేసి వెనకాల నిలబడండి. వరస అదే తేలుతుంది."

ముగ్గురూ లేచారు. ఎండకి కమిలిన మెడ, ఎప్పుడూ చేతిలో టోపీ ఉండే సర్వే మాస్టారు వెళ్లి రిపోర్టుల లెక్చరర్ భుజం మీద చెయ్యి వేశారు. ఆ లెక్చరర్ బాగా పొడగరి, అంతకు మించి బిడియస్తుడు. ఆయన స్టాటిస్టిక్స్ మేడమ్ భుజానికి జానెడు దూరంలో చెయ్యి గాల్లో ఆపాడు. మేడమ్ అటూ ఇటూ చూసి, చేతిలో ఉన్న స్కేలు తీసుకెళ్లి సర్వే మాస్టారి భుజానికి ఆనించారు.

"ఊ, మొదటివాళ్లు నడవండి," అన్నారు డీన్‌గారు.

ముగ్గురూ నడిచారు. గది మధ్యలో ఉన్న మంచినీళ్ల కూజా చుట్టూ ఒక చుట్టు, రెండో చుట్టు. మూడో చుట్టులో మాస్టారి టోపీ పడింది. ఆయన వంగితే వెనకున్నవాళ్లు ఆగారు, వెనకున్నవాళ్లే ముందున్నవాళ్లు కాబట్టి అందరూ ఆగారు. ముందుగా కిసుక్కుమన్నది మేడమ్. తర్వాత మూల నుంచి ఎవరో. ఆఖరికి డీన్‌గారు బల్ల మీద నుదురు ఆనించి, భుజాలు ఎగిరిపడేలా నవ్వారు. ఆయన నవ్వు చూడటం నాకు అదే మొదలు. అర నిమిషం కంటే చాలా ఎక్కువే సాగింది.

నవ్వులయ్యాక అసలు పేచీ మొదలైంది. ఎవరో ఒకరు తమ షరతు తీసేస్తే సరిపోతుంది. ఎవరు తీస్తారు?

"రాయడం రానివాళ్లని వీధుల్లోకి తీసుకెళితే ఏం రాసుకొస్తారో తెలుసా? 'ఇళ్లు చాలా ఉన్నాయి' అని," అన్నారు మాస్టారు.

"అంకెలు తెలియనివాళ్లని రిపోర్టు రాయమంటే కవిత్వం రాస్తున్నారు సార్. నా దగ్గర రెండు బస్తాలుంది," అన్నాడు లెక్చరర్.

"సొంతంగా పోగుచేసిన అంకెలు లేకపోతే నా క్లాసులో నిద్రపోతారు. పోయినేడు ఒకతను గురకపెడితే పక్కగదిలోవాళ్లు వచ్చి చూసి వెళ్లారు," అన్నారు మేడమ్.

ముగ్గురి మాటా సబబే. అదే చిక్కు. గడియారం నాలుగున్నర దాటింది. నేను తల వంచుకుని మినిట్స్ రాసుకుంటున్నాను. పళ్లు బయటపడకుండా ఉండటానికి పెదవి కొరుక్కోవలసి వచ్చింది.

అప్పుడు తలుపు తోసుకుని మా మరదలు వచ్చింది.

డీన్‌గారు కొత్త గౌను కుట్టమన్నారు. నాలుగున్నరకి నేనెక్కడున్నా వచ్చి కొలతలు తీసుకోండి, అర నిమిషం పని, అని కబురు పెట్టారట. ఆయన లేచి రెండు చేతులూ చాపారు. చిట్టి పెదాల మధ్య గుండుసూది పెట్టుకుని భుజాల వెడల్పు తీయసాగింది. నోట్లో గుండుసూది ఉన్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంది.

కానీ ఆమె కళ్లు కూజా దగ్గరికి వెళ్లాయి. ముగ్గురూ ఇంకా అలాగే నిలబడి వాదించుకుంటున్నారు. స్కేలు ఇంకా మాస్టారి భుజం మీదే ఉంది. నేను వద్దన్నట్టు తల ఊపాను. పెన్ను ఊపాను. ముసాయిదా తీసి విసనకర్రలా ఊపాను. కుట్టు తప్పు చూస్తే ఊరుకోలేని మనిషి. పెళ్లిళ్లలో కూడా పక్కావిడ జాకెట్టు సర్ది వస్తుంది. ఆమె నోట్లోంచి గుండుసూది తీసింది.

"గౌనుకి చెయ్యి అతికేటప్పుడూ ఇంతే సార్. గుండ్రంగా ఉంటుంది, మొదలుండదు, చివరుండదు. అందుకని ఎక్కడో ఒకచోట సూది దింపేస్తాం. దింపినచోట రెండంగుళాలు వదిలేసి, చుట్టూ తిరిగొచ్చి, ఆ రెండంగుళాలూ ఆఖర్న మూసేస్తాం."

ఆమె డీన్‌గారి మోచేతి దగ్గర టేపు పట్టుకునే మాస్టారి వైపు తిరిగింది. "మీరు ఒక్క వారం పిల్లల్ని ఊరికే వీధుల్లో తిప్పి ఇళ్లు లెక్కపెట్టించండి సార్. రాతలేం వద్దు. ఆ అంకెలు మేడమ్‌గారికి. అక్కణ్ణుంచి ఆ సార్‌కి. చివర్లో మళ్లీ మీ దగ్గరికొచ్చి పెద్ద సర్వే."

"ఒక క్రెడిట్ ముందు, రెండు ఆఖర్న," అన్నారు మేడమ్, స్కేలు దించుతూ. "షరతులు మూడూ ఉంటాయి. ఎవరిదీ తీయక్కర్లేదు."

"రాసుకోండి," అన్నారు డీన్‌గారు.

ఐదింటికి ఇంకా పదిహేను నిమిషాలుంది. రాశాను. నా చేత్తోనే రాశాను, నా మరదలికి ఏడాదిన్నర. అప్పుడు ఆమెకి తట్టింది. టేపు చేతిలోనే ఉండిపోయింది.

"అయ్యో బావా," అంది, చిన్నగా.

"బావా?" అన్నారు మేడమ్.

ఇక లేవక తప్పలేదు. "ఈమె మా మరదలండి. మన విద్యార్థిని కూడా. నూట పదిహేడు క్రెడిట్లయ్యాయి. ఇది ఇవాళ ఆగిపోతే ఆమెకి మూడు చాలు. ఈ సంగతి ముందే చెప్పాల్సింది."

డీన్‌గారు చేతులు చాపుకునే ఆమెని చూశారు. "మరి ఊరుకుంటే మీకే మంచిది కదమ్మా?"

"మంచిదే సార్. నిన్న అనుకున్నాం కూడా. కానీ వాళ్లలా నిలబడి ఉంటే చూడలేకపోయాను." ఆమె ముక్కు ఎగబీల్చి టేపు సర్దుకుంది. "చెయ్యి దించకండి, కొలత మారిపోతుంది."

"నేనేం చేయలేనమ్మా. రెండు రకాల నిబంధనలు నడపలేం." ఆ మాట ఆయన నేల వైపు చూస్తూ అన్నారు.

అప్పుడు సర్వే మాస్టారు టోపీ దులుపుతూ అడిగారు. "సూపరింటెండెంట్‌గారూ, ఈమెలాగా చివరి దాకా వచ్చేసినవాళ్లు ఎంతమంది?"

ఆ అంకె నాకు నోటికొచ్చు. "నాలుగు వందల పన్నెండు మంది."

"వాళ్లందరికీ వచ్చే సెమిస్టర్‌లో మొదట పడేది..."

"మీ వారమేనండి."

ఆయన మొహం మారిపోయింది. "నాలుగు వందల పన్నెండు మందిని నేను వీధుల్లో తిప్పాలా? నాకున్నది ఒక టోపీ, ఒక విజిల్. వీల్లేదు సార్. ఇప్పటికే చేరినవాళ్లు పాత దారినే వెళ్లనివ్వండి. కాదంటే ఆ వారం విజిల్ మీరు పట్టుకోండి."

జేబులోంచి నిజంగానే విజిల్ తీసి బల్ల మీద పెట్టారు. డీన్‌గారు దాన్ని చూశారు. గడియారాన్ని చూశారు. చేతులు చాపుకుని ఉండటం వల్ల గంభీరంగా ఆలోచించడం ఆయనకి కుదరలేదనుకుంటాను.

"రెండు నిబంధనలూ ఒకే పుస్తకంలో ఇమడ్చగలరా?" అని నన్నడిగారు.

"ఒక్క వాక్యం సార్. ఇప్పటికే చేరినవారికి పాత నిబంధనలే వర్తిస్తాయి, అని."

"దానికి ఎంతసేపు?"

"అర నిమిషం."

గది మొత్తం ఘొల్లుమంది. ఆ పేరు ఆయనకి ఎప్పటినుంచో తెలుసని అప్పుడు అర్థమైంది, అందరికంటే ముందు నవ్వింది ఆయనే. ఐదుకి నాలుగు నిమిషాలుండగా ఫైలు ప్రెస్సుకి వెళ్లింది.

ఇంటికొచ్చాక చిట్టి తన గౌను గుడ్డ బయటికి తీసింది. పరీక్షలకి ఇంకా ఆర్నెల్లుందన్నా వినలేదు. ఊరందరినీ కొలిచే మనిషి తన భుజాలు తాను కొలుచుకోలేదు. ఇదివరకు వాళ్లక్క టేపు పట్టేది. ఇవాళ ఆ పని మా తోడల్లుడి మీద పడింది. స్కూలు బస్సు నడుపుతాడు. టేపుని స్టీరింగులా రెండు చేతులా పట్టుకున్నాడు.

"బిగించకండి, బ్రేకు కాదది," అంది. "ఎంతొచ్చింది?"

"ముప్పై ఏడు."

"తిరగేసి పట్టుకున్నారు మహానుభావా. ఇంకో వైపు అంగుళాలుంటాయి."

"పధ్నాలుగున్నర."

"రాసుకో బావా."

రాసుకోవడానికి ఏ కాగితమూ చేతికి తగల్లేదు. నిన్నటి ముసాయిదా వంటింటి బల్ల మీదే పడి ఉంది. దాని వెనక పధ్నాలుగున్నర అని వేశాను.

"ఓ రెండంగుళాలు వదులు కూడా వెయ్యి," అంది. "ఆర్నెల్లలో లావైతే?"