పేతాంగ్ అక్క పొగగొట్టం

మా శాన్ తెల్మో నగరానికి ఒక కౌన్సిలు ఉంది. ప్రతి మంగళవారం పొద్దున కూర్చుంటుంది. ముందు ప్రార్థన, తర్వాత జాతీయగీతం, తర్వాత కాఫీ, ఆ తర్వాత ఎవరి పొట్ట కొట్టాలన్న చర్చ. నా నోటినిండా చేదే అని మా ఆవిడ ఇమాంగ్ తిడుతూనే ఉంటుంది. సరే, తియ్యగా మాట్లాడేవాళ్ల కథే చెబుతాను.

మాది సముద్రపు ఒడ్డున పొగవీధి. కవళ్లను ఉప్పునీళ్లలో నానబెట్టి, ఒక్క పొంగు రానిచ్చి, వెదురు తట్టల్లో పరిచి, రంపపు పొట్టు రాజేసి పొగబెడతాం. బంగారు రంగు తిరిగిన ఆ చేపనే తినపా అంటాం. పొద్దున్నే వెల్లుల్లి అన్నంలోకి అది లేకపోతే ఈ ఊళ్లో ఎవరికీ తెల్లారదు. వీధిలో తొమ్మిది కొట్టాలుండేవి. నా కొట్టంలో ఆరుగురు ఆడవాళ్లు పనిచేసేవాళ్లు, నా అల్లుడు రెనాతో పొయ్యి చూసుకునేవాడు. యజమాని అంటే పెద్ద మాటే గాని, వాళ్లతో పాటు నేనూ పీటేసుకుని పొలుసులు గీకేవాణ్ణి.

అలాంటి ఒడ్డు మీద హోటళ్లు లేచాయి. కిటికీ తెరిస్తే పొగ కంపు కొడుతోందని అతిథులు మొరపెట్టుకున్నారట. చేపల ఊరికొచ్చి చేప వాసనేమిటనడం, పెళ్లికొచ్చి బాజాలేమిటన్నట్టుంది. అయినా కౌన్సిలు చెవికి అది బాగానే ఎక్కింది. ఒడ్డు పొడవునా పొగ కొట్టాలు ఉండకూడదని, కావాలంటే కొండ అవతలికి పోవాలని ఒక చట్టం రాసుకొచ్చారు. ఎండలో కొండెక్కి దిగేసరికి కవళ్లు మెత్తబడి పిల్లులకు కూడా పనికిరావు. 'ఈ చట్టం నగరంలోని యజమానులకు ఎంతో మేలు' అని రేడియోలో చెప్పారు. యజమానులంటే ఎవరో ఆ రోజే మాకు తెలిసింది. మేము కాదు.

పేతాంగ్ అక్క వాకిట్లో అందరం కూడాం. ఆమె కొట్టమే వీధిలో పెద్దది. మొగుడు పోయాక ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. మా కొట్టాల్లో పొగ రేకుల సందుల్లోంచి ఎటు బుద్ధి పుడితే అటు పోతుంది. ఆమె మామగారు తాపీ మేస్త్రీ కాబట్టి ఆ కొట్టానికి మాత్రం కప్పు మీద పొడుగాటి ఇటుక పొగగొట్టం ఉంది.

“ఈ చట్టం మీద జనం మాట వినడానికి కౌన్సిలు విచారణ పెడుతోందిగా, ఆ రోజున అందరం పోదాం. పని ఆపి ఆడవాళ్లని కూడా తీసుకుపోదాం. బట్టలు కూడా మార్చుకోవద్దు. హాలంతా మన వాసన కొట్టాలి,” అన్నాను.

“అదీ మాట!” అన్నాడు పక్క కొట్టం సెరాపియో. “కాఫీలో కూడా చేపే తగలాలి వాళ్లకి.”

పేతాంగ్ అక్క చెయ్యెత్తి ఆపింది. “వద్దర్రా. ఆ విచారణకి పెద్ద ఎవరనుకున్నారు? మా పారే. కౌన్సిలర్ దిమలాంత. మా చిన్నోడికి జ్ఞానతండ్రి. నలుగురిలో ఆయన మొహమ్మీద గోల చేస్తే ఎంత తలవంపు! నిన్ననే పోయి కలిశాను. ‘మారే, నువ్వేం దిగులు పెట్టుకోకు, నాకొదిలెయ్’ అన్నాడు.”

“నోటి మాటేగా అక్కా?”

“నోటి మాటేంటి మెల్చోర్? గుళ్లో మా బిడ్డ పక్కన కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ మనిషి. దేవుడి ముందు కలిసిన బంధుత్వం. నీకు నమ్మకం లేకపోతే నువ్వు పో. నేను మాత్రం నా పారే మీదకి మందిని తోలుకుపోను.”

దాంతో ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది. మా దగ్గర దొంగతనమైనా క్షమిస్తారు గాని, బిడ్డ జ్ఞానస్నానంతో పారే, మారే అని వరస కలుపుకున్న బంధువుని బజార్లో నిలదీస్తే క్షమించరు. వాడు సిగ్గూ శరం లేనివాడంటారు, పిల్లల పెళ్లిళ్లకు కూడా రారు. ఆ మాట అన్నాక ఇక నాలాంటి నోరుగలవాడు కూడా ఏం చేస్తాడు? ‘నాకొదిలెయ్’ అన్నది ఎవరి సంగతో అడగాలని ఎవరికీ తోచలేదు.

విచారణకు మేమెవ్వరమూ పోలేదు. హోటళ్లవాళ్లు మాత్రం ఇస్త్రీ చొక్కాల్లో వచ్చారట. “పొగ కొట్టాల తరఫున ఎవరైనా ఉన్నారా?” అని దిమలాంత మైకులో పదే పదే అడిగాడని, ఖాళీ కుర్చీల వైపు జాలిగా చూశాడని కౌన్సిలు కాపలావాడు తర్వాత చెప్పాడు.

చట్టం మీద చేతులెత్తే రోజున మాత్రం అందరం పోయాం. ఎందుకో తెలుసా? కృతజ్ఞతలు చెప్పడానికి! పేతాంగ్ అక్క గుడికెళ్లే గౌను వేసుకుని, కౌన్సిలర్లందరికీ అరిటాకుల్లో తినపా చుట్టి తెచ్చింది. నేను కూడా చొక్కా ఉతికించుకున్నాను. నా కొట్టంలో పెద్ద దిక్కయిన లూరింగ్ పువ్వు పెట్టుకొచ్చింది.

ప్రార్థన అయింది. గీతం అయింది. దిమలాంత లేచి గొంతు సవరించుకున్నాడు. “విచారణలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కనుక ఒడ్డున ఉన్న పొగ కొట్టాలన్నిటినీ మూసివేయాలని మా సంఘం సిఫారసు చేస్తోంది. అయితే, కప్పును మించిన ఇటుక పొగగొట్టం ఉన్న కొట్టాలకు మినహాయింపు ఇస్తున్నాం,” అని చదివాడు. చదివి తలెత్తి, పేతాంగ్ అక్క వైపు చూసి నవ్వాడు. పుట్టినరోజు పిల్లకి బొమ్మ ఇచ్చినవాడి నవ్వు అది. చేతులన్నీ లేచాయి.

మా తలలు కూడా తిరిగాయి, ఆమె వైపు. వీధిలో ఇటుక పొగగొట్టం ఉన్నది ఒక్క కొట్టానికే.

బయట మెట్ల మీద ఆమె అతని చెయ్యి పట్టుకుంది. “పారే, మరి మావాళ్ల సంగతి?”

“మీవాళ్లెవరు?” అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు. “నీ కొట్టం ఉంచానుగా మారే! ఆ ఒక్క వాక్యం పెట్టించడానికి ఎంతమందిని బతిమాలానో నీకేం తెలుసు? ఊరందరికీ నేను జ్ఞానతండ్రినా ఏంటి?” అని పకపకా నవ్వి, అరిటాకు పొట్లం తీసుకుని వాసన చూసుకుంటూ కారెక్కాడు.

అతను అబద్ధమాడలేదు. అదే నా ఒళ్లు మండించింది. అతని లెక్కలో మాట నిలబెట్టుకున్నాడు.

కారు పోయింది కాబట్టి నా కోపానికి పేతాంగ్ అక్క దొరికింది. “నీ ఒక్క పొయ్యి కోసం మా అందరి పొయ్యిల్లో నీళ్లు పోశావు కదక్కా,” అన్నాను.

“నాకు తెలీదు మెల్చోర్. నా బిడ్డల మీద ఒట్టు.”

“తెలీనిదానివి మమ్మల్నెందుకు ఆపావు?”

ఆమెకు తెలియదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. అయినా అన్నాను. అక్కడున్న అందరూ ‘బాగా అడిగావు’ అన్నట్టు నిలబడ్డారు. లూరింగ్ జడలో పువ్వు తీసి మెట్ల మీద పారేసింది.

నగరం మనుషులు వచ్చి మా తలుపులకు సీళ్లు వేశారు. ఆ సాయంత్రమే పేతాంగ్ అక్క మా గుమ్మంలోకి వచ్చింది. “నా పొయ్యి వంతులేసుకుందాం మెల్చోర్. తలా ఒక రోజు వాడుకోండి. ఎవడు చూడొచ్చాడు?” అంది.

“ఒకరి దానం తిని బతికే గతి మాకింకా పట్టలేదు,” అన్నాను. కూర్చోమని కూడా అనలేదు. మిగతా ఇళ్లలో కూడా ఆమెకు అదే మర్యాద జరిగింది. మళ్లీ రాలేదు.

పౌరుషం ఎండాకాలంలో బాగానే ఉంటుంది. వానలు పట్టాక లూరింగ్ మా వాకిట్లో గొడుగు పట్టుకుని నిలబడింది. “అన్నా, పిల్ల బడి మానేసేటట్టుంది. పేతాంగ్ అక్క దగ్గరికి పోతాను. ఏమనుకోకు,” అంది. పొమ్మన్నాను. ఒకరి వెనక ఒకరు అందరూ పోయారు. అడిగేవాళ్లు ఎక్కువైతే కూలి దానంతటదే దిగుతుంది, దిగింది. దానికి కూడా పేతాంగ్ అక్కనే తిట్టాను. తిట్టడానికి వేరే ఎవరూ అందుబాటులో లేరు మరి.

రెనాతో హోటళ్ల చుట్టూ తిరిగాడు. ఒకచోట చదువు చాలదన్నారు, ఇంకొకచోట వాసన అన్నారు. ఎన్ని సబ్బులతో తోమినా పొగ వాడి చర్మం వదల్లేదు. ఇంట్లో మూల కూర్చుని గోళ్లు కొరుక్కునే మగవాణ్ణి చూస్తూ నా కూతురు జెరలిన్ మగపిల్లాణ్ణి కన్నది.

“జ్ఞానస్నానానికి మా తమ్ముణ్ణి పిలుద్దాం,” అన్నాను.

“మీ తమ్ముడు వలేస్తే చేపలు పడతాయి,” అంది ఇమాంగ్. “అల్లుడికి పని పడుతుందా?”

“ఏంటి నువ్వనేది?”

“దిమలాంతని అడుగు.”

“ఆ గుమ్మం తొక్కేకంటే...”

“ఊఁ, తొక్కేకంటే? చెప్పు. చస్తావా? నువ్వు చావు, నేనేం ఆపను. ఆ పసివాడేం చేశాడు? పేతాంగ్‌కి ఆ ఒక్క చుట్టరికమే లేకపోతే ఆమె పొయ్యి కూడా మన పొయ్యి పక్కనే చల్లారేది కదా?”

నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. అక్కడ లేచిపోవడానికి అన్నం కూడా పెద్దగా లేదు.

ఆదివారం పూజ అయ్యాక ఎవరూ చూడకుండా వెనక సందులోంచి కౌన్సిలర్ ఇంటికి పోయాను. మనసులో అతన్ని తిడుతూనే ఉన్నాను. పైకి మాత్రం, “కౌన్సిలర్ గారూ, మా మనవడికి తమరు తండ్రిలాంటివారు” అన్న వాక్యం సాధన చేసుకుంటున్నాను. గేటు తీసి వరండాలోకి అడుగుపెట్టాను.

బెంచీ నిండా పొగవీధి కూర్చుని ఉంది. సెరాపియో, అతని పక్కన నిండు చూలాలైన కోడలు. ఆ పక్కన మా వీధి చివరి కొట్టం ఆబెంగ్, ఒళ్లో గుడ్డల్లో చుట్టిన పసిగుడ్డు. చివర్న ఆమె తమ్ముడు, చేతిలో గుడివాళ్లిచ్చిన జ్ఞానస్నానం తేదీ చీటీ. నన్ను చూసి అందరూ నేల చూపులు చూశారు. నేను కూడా చెప్పుల వైపు చూసుకున్నాను.

సెరాపియో నా వైపు వంగి గొణిగాడు. “మనవడా, మనవరాలా?”

“మనవడు.”

“మాదింకా పుట్టలేదు. తర్వాతైతే ఆయనకి తీరుబడి ఉండదేమోనని...”

లోపల దిమలాంత ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్నాడు. వాళ్లు సర్దుకుని నాకు కాస్త చోటిచ్చారు. కూర్చున్నాను.