బావగారి ముక్కు

బావగారు వైన్ తయారుచేసే ద్రాక్షతోటల యాత్ర ప్రకటించిన రోజు నుంచి ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా మామూలుగా తాగే వీలు లేకుండా పోయింది. గ్లాసు అందుకుంటే చాలు, "అలా కాదమ్మాయ్, కాడ దగ్గర పట్టుకోవాలి," అంటూ వచ్చేసేవాడు. స్టీలు గ్లాసుకు కాడ ఎక్కడుంటుందో ఆయనకే తెలియాలి.

ఆయన బీమా కంపెనీలో మేనేజరు. ఆ మధ్య సెలవు పెట్టి వైన్ రుచి చూడటం నేర్పే కోర్సుకు వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు మనిషే, వచ్చేటప్పటికి నిపుణుడు. చిన్నకోడలిది, అంటే ఆయన తమ్ముడి భార్యది, కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం. పొద్దస్తమానం పరాయి ముక్కుల మీద కళ్ళద్దాలు నిలబెట్టి వచ్చే ఆమెకు, ఇంటికొచ్చాక ఇంకో ముక్కుకు సేవ చేసే ఓపిక లేదు.

ఆదివారం సాయంత్రం భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి బావగారు సభ తీర్చాడు.

"పొద్దున్నే బయల్దేరతాం. మొదటి తోటలో ఎర్రవి, రెండో తోటలో తెల్లవి. మధ్యలో ఎవరూ ఏమీ తినకూడదు. నాలుక పాడవుతుంది."

"ఆకలేస్తే?" అంది చిన్నకోడలు.

"ఓర్చుకోవాలి. అన్నట్టు, కారు నువ్వు నడుపు. నీకెలాగూ వాసన పట్టే ముక్కు లేదు. నువ్వు తాగినా దండగే."

ఆమె మొగుడి వైపు చూసింది. మొగుడు మ్యాపు వైపు చూశాడు. "అన్నయ్య సరదాకి అన్నాడులే," అని గొణిగాడు. దాక్కోవడానికి ఆ మ్యాపులో అతనికి మంచి చోటే దొరికినట్టుంది.

బావగారు సాధన కోసమంటూ ఒక సీసా తెరిచాడు. గ్లాసును గిరగిరా తిప్పి, కళ్ళు మూసుకుని, ముక్కు మొత్తం అందులో దూర్చాడు.

"తడి మట్టి... ఎండు ద్రాక్ష... ఎక్కడో దూరంగా కొత్త చెప్పుల తోలు..."

అదే సమయానికి వంటింట్లోంచి మాడు వాసన గుప్పుమంది. పొయ్యి మీద పాలు పెట్టిన అక్క, అదే బావగారి భార్య, ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్ళి మరిచిపోయింది. మొగుడు మ్యాపులోంచి తలెత్తి దగ్గాడు. గుమ్మంలోంచి పొగ వస్తోంది.

"చివర్లో సన్నగా పూల పరిమళం," అన్నాడు బావగారు.

చిన్నకోడలు పరుగెత్తి పొయ్యి కట్టేసి, బొగ్గులా మాడిన గిన్నెను గుడ్డతో పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏ పూలు బావగారూ, ఇవేనా?"

ఆయన కళ్ళు తెరిచాడు. గిన్నెను చూశాడు. ఒక్క క్షణం మొహంలో నెత్తుటి చుక్క లేదు. వెంటనే సర్దుకున్నాడు. "నేను కావాలనే ఊరుకున్నాను. మీలో ఎవరు పసిగడతారో చూద్దామని."

"ఇల్లు తగలబడితే బహుమతి కూడా ఇచ్చేవారా?"

ఈ లోపు అక్క పరుగున వచ్చి, గిన్నెనూ తోడికోడలినీ కూడా వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఆయనకి వాసన తెలీదే," అంది గొంతు తగ్గించి. "ఆ పెద్ద జ్వరం తగ్గినప్పట్నుంచీ అంతే. ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది. ఇంకేం లేదు. ఎవరికీ చెప్పొద్దన్నారు."

"మరి ఆ కోర్సు?"

"అక్కడైనా తిరిగొస్తుందేమోనని వెళ్ళారు. రాలేదు. వాళ్ళు చెప్పిన మాటలు మాత్రం కంఠతా వచ్చాయి."

చిన్నకోడలికి జాలేసింది. కానీ జాలిపడ్డంత మాత్రాన మనిషి మంచివాడైపోడు కదా. తన ముక్కు పోతే ఎదుటివాళ్ళకు ముక్కు లేదనడం ఎక్కడి మర్యాద? ఆమె తిరిగొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కారు మీరు నడపండి బావగారూ. నేను తాగుతాను."

"మరి రుచి ఎవరు చెప్తారు?"

"నేనే. నచ్చిందో లేదో చెప్తాను. అంతకంటే నాకు చేతకాదు."

ఆయన వంటింటి వైపు చూశాడు. అక్క వెనక్కి తిరక్కుండా గిన్నె తోముతోంది. విషయం బయటపడిందని ఆయనకు అర్థమైంది.

"సరే," అన్నాడు.

"నువ్వు లేకపోతే మాకేం తెలుస్తుందన్నయ్యా..." అన్నాడు మొగుడు.

"నువ్వు నోర్ముయ్యరా," అన్నాడు బావగారు. ఆ ఒక్క విషయంలో చిన్నకోడలికీ బావగారికీ ఏకాభిప్రాయం కుదిరింది.

యాత్ర జరిగింది. దారి పొడవునా బావగారు బుద్ధిగా కారు నడిపాడు. మొదటి తోటలో వైన్ పోయగానే, పక్కకు వంగి మెల్లగా అడిగాడు. "ఎలా ఉంది?"

"పుల్లగా ఉంది. బాగుంది."

ఆయన తలూపాడు. మనిషి మారాడేమో అని ఆమె అనుకునేలోపే, ఖాళీ గ్లాసొకటి తీసుకుని ముక్కు అందులో పెట్టి, పక్క బల్ల దగ్గరున్న ముక్కూ మొహం తెలియని దంపతుల వైపు తిరిగాడు.

"వానకు తడిసిన రాయి వాసన. గమనించారా?"

వాళ్ళిద్దరూ తమ గ్లాసుల్లోకి వంగి, గట్టిగా పీల్చి, "అవునవును, రాయే," అన్నారు.