పసిపిల్లల వార్డు ఫోను

నేను ఒక బొత్తాల ఫోనును. ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నా బొత్తాలన్నీ ఒక్కోసారి నొక్కి చూసి, ఆవలించి, అట్టపెట్టెలో పెట్టింది. నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే ఏమీ లేదు.

మొదట నన్ను కొన్నది విత్తనాల దుకాణం నడిపే రాజలింగం. అవతలి మనిషి ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా అరవాలని ఆయన నమ్మకం. పక్క ఊరికి ఒక గొంతు, హైదరాబాదుకు ఇంకో గొంతు. ఇప్పుడే బయల్దేరానని ఆయన చెప్పినప్పుడల్లా ఇంకా లుంగీలోనే ఉండేవాడు. ఎదురుగా నిలబడి చెప్పలేని అబద్ధాలను మనుషులు నా చేత మోయిస్తారని అక్కడే తెలుసుకున్నాను. మొదట్లో కొంచెం సిగ్గుగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

ఆయన మనవరాలు నెలలు నిండకుండా పుట్టి పెద్దాసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉంది. పిల్ల బాగై ఇంటికి వెళ్ళేరోజు ఆయన సంతోషం పట్టలేక వార్డుకు ఒక మిఠాయి పెట్టె, దాంతోపాటు నన్నూ ఇచ్చేశాడు. మిఠాయి పది నిమిషాల్లో అయిపోయింది. నేను మిగిలాను.

అరచేతిలో పట్టే పిల్లల వార్డు అది. వాళ్ళను వెచ్చగా ఉంచే మంచాలు ఎనిమిది. తల్లులు పక్క గదిలో, తండ్రులు వరండాలో. ఎవరినైనా పిలవాలంటే నేనే దిక్కు. నేను ఎక్కువగా సిస్టర్ ఢిల్లేశ్వరి జేబులో ఉండేదాన్ని. ఆమెది సిక్కోలు జిల్లాలో, ఒడిశా సరిహద్దున ఉన్న ఒక ఊరు. ఆమె యాసకు తోటి నర్సులు మొదట్లో నవ్వేవారు. కానీ ఈ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా కూలీలు వస్తారు, వాళ్ళ బిడ్డలు ఈ వార్డుకు వస్తారు. వార్డు మొత్తంలో ఒడియా వచ్చింది ఆమెకొక్కదానికే. నవ్విన వాళ్ళే ఆమె సెలవు రోజున కూడా నాలోంచి పిలిచి, ఈ తల్లికి కాస్త చెప్పమ్మా అని బతిమాలేవారు.

మొదట్లో ఆమె డాక్టరు చెప్పింది చెప్పినట్టే చెప్పేది. ఒకసారి అలాగే, మీ బాబు బతకడం కష్టమని ఒక తండ్రికి చెప్పింది. పోయేవాడైతే మా వాళ్ళ మధ్యనే పోతాడని అతను బిడ్డను తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంకో పది రోజులు ఉంచితే దక్కేవాడేనని డాక్టర్ వసుంధర తర్వాత అంది. ఆ మధ్యాహ్నం ఢిల్లేశ్వరి చాలాసేపు చేతులు కడుక్కుంది. అప్పటి నుంచి డాక్టరు మాటల్లో పదునైనవి ఏరి పక్కన పెట్టి, మిగిలినవే వాళ్ళ భాషలో చెప్పసాగింది. ఎవరూ బిడ్డను ఎత్తుకుపోలేదు. అందుకని అదే సరైన పద్ధతని నమ్మింది.

ఖగేశ్వర్, జెమా అనే దంపతుల పాప బట్టీలోనే ఏడో నెలలో పుట్టింది. తొమ్మిదో రోజున డాక్టరు ఖగేశ్వర్‌ను పిలిపించి ఢిల్లేశ్వరి వైపు తిరిగింది. ఊపిరితిత్తుల్లో రక్తం పడుతోందనీ, ఇవాళో రేపో అనీ, తండ్రిని ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పమనీ అంది. నేను జేబులోంచి అంతా విన్నాను. ఢిల్లేశ్వరి ఒడియాలో చెప్పింది మాత్రం ఇది: పాప నీరసంగా ఉంది, మందులు వేస్తున్నారు, దేవుడున్నాడు. నువ్వు ఉంటే మంచిదని కూడా అంది, ఎందుకో చెప్పలేదు. ఖగేశ్వర్ తల ఊపాడు. అతనికి అర్థమైందని డాక్టరు తృప్తిపడింది. తొమ్మిది రోజుల్లో అతను నవ్వింది అప్పుడే. మట్టి కలిపి పెట్టాను, ఎండిపోతుంది, రేపు సాయంత్రానికి వచ్చేస్తానని జెమాకు చెప్పి బట్టీకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పదకొండు గంటలకు పాప ఊపిరి తగ్గసాగింది. జెమాను తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టారు. ఢిల్లేశ్వరి నన్ను తీసి బట్టీకి చేసింది. అక్కడ ఫోనున్నది కూలీల లెక్కలు చూసే మున్షీ ఒక్కడి దగ్గరే.

"వాడు పనిల ఉన్నడు సిస్టర్. పొద్దుగూకినంక పంపిస్త," అన్నాడు మున్షీ. ఢిల్లేశ్వరి విషయం చెప్పాక, "పాప మంచిగనే ఉంది, ఒకపారి చూసి రమ్మని చెప్త తియ్. లేకుంటే పరేషానైతడు," అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. ఢిల్లేశ్వరి గోడకు ఆనుకుంది. తన మాటే ఇంకొకరి నోట వినడం ఆమెకు అదే మొదటిసారి.

"మీరేటీ చెప్పొద్దు. ఫోను అతని చెవికాడెట్టండి," అంది.

అడుగుల చప్పుడు, ఎవరినో కేకేసిన చప్పుడు, తర్వాత ఖగేశ్వర్ ఊపిరి వినిపించాయి. ఆమె ఒడియాలో చెప్పింది.

"అన్నా, పాప దక్కదు. డాక్టరు నిన్ననే చెప్పింది. నేను నీకు చెప్పలేదు."

పక్కనే ఉన్న జెమా తలెత్తింది. ఆమెకూ అప్పుడే తెలిసింది.

అతను తిట్టలేదు. "ఇంకా ఊపిరి ఉందా దీదీ?" అని అడిగాడు. ఉందని చెప్పింది. వాళ్ళ ఇళ్ళలో ఇరవై ఒకటో రోజున తండ్రి బిడ్డ చెవిలో పేరు చెబుతాడట. అప్పటిదాకా బిడ్డకు పేరుండదు. మంచానికి కట్టిన చీటీ మీద కూడా జెమా బేబీ అనే ఉంది.

"ఫోను దాని చెవి దగ్గర పెట్టు," అన్నాడు.

ఢిల్లేశ్వరి నన్ను స్పిరిట్‌తో తుడిచి పాప తల పక్కన ఉంచింది. ఆ చెవి నా బొత్తమంత ఉంది. నా స్పీకరు పాడైపోయి చాలా కాలమైంది కాబట్టి అతని మాట బయటికి వినపడలేదు. పేరు మూడుసార్లు చెప్పాడు. తర్వాత లైను తెగింది. ఎన్నో ఏళ్ళుగా మాటలు మోస్తున్నాను, నాకు ఏమీ అనిపించదు. అప్పుడూ అనిపించలేదు. అనిపించి ఉంటే బాగుండేదని మాత్రం తర్వాత అనుకున్నాను.

పాప ఒంటిగంటకు పోయింది. ఖగేశ్వర్ ఇటుకల లారీ ఎక్కి మూడింటికి వచ్చాడు. కాళ్ళకు మట్టి ఎండి ఉంది. పాప పోయినట్టు రాసే కాగితంలోని ప్రతి వరుసా ఢిల్లేశ్వరి అతనికి ఒడియాలో చదివి వినిపించింది, ఒక్క మాట కూడా వదల్లేదు. పేరు రాసే చోట కలం ఆపి, ఏం రాయమంటావని అడిగింది.

"అది దానికి చెప్పాను," అన్నాడు. ఆమె జెమా బేబీ అనే రాసిన ఆ కాగితం మీద వేలిముద్ర వేశాడు.

ఢిల్లేశ్వరి ఇప్పుడు ఉన్నది ఉన్నట్టే చెబుతోంది. చెప్పాక గుమ్మానికి అడ్డంగా నిలబడి, బిడ్డను తీసుకెళ్ళొద్దని బతిమాలుతోంది. కొందరు ఆగుతున్నారు, కొందరు ఆగడం లేదు. వార్డుకు కొత్త ఫోను వచ్చింది. నా బ్యాటరీ ఉబ్బిపోయింది. విరిగిన థర్మామీటర్ల పక్కన సొరుగులో పడి ఉన్నాను. పాత సామాను లెక్క తీసినప్పుడు పారేస్తారు. పారేయనివ్వండి.

ఆ రోజు ఖగేశ్వర్ ఆటో కోసం బయటికి వెళ్ళాక, ఢిల్లేశ్వరి లోపల పాపను గుడ్డలో చుడుతోంది. జెమా ఒక్కతే బల్ల దగ్గర కూర్చుంది. నేను ఆ బల్ల మీదే ఉన్నాను. ఆమె నన్ను అందుకుని, ఏ బొత్తమూ నొక్కకుండా చెవికి ఆనించుకుంది. భర్త ఏం పేరు పెట్టాడో ఆమె వినలేదు. ఆటో వచ్చేదాకా నన్ను అలాగే పట్టుకుని కూర్చుంది. ఆ పేరు నాకు తెలుసు. చెప్పలేకపోయాను.