చుక్కల రాయి, గీతల రాయి

మా తమ్ముడు రోడ్ల ఆఫీసులో ఇంజనీరు. ఒకప్పుడు ఈ మాట అడగనివాళ్ళకి కూడా చెప్పేదాన్ని. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళకి కొలతలు తీస్తూ, "మన రోడ్డు మార్చేది మావాడే" అని ఒక మాట వేసేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే "ఏదో ఉద్యోగం చేసుకుంటున్నాడు లెండి" అని టేపు చుట్టేస్తున్నాను.

మా ఇల్లు ఆ పెద్ద రోడ్డుకి ఇటుపక్క. మా ఆయన పనిచేసే ఆసుపత్రి సరిగ్గా అటుపక్క. పెళ్ళైన కొన్నేళ్ళకి జబ్బు చేసి ఆయన కళ్ళు పోయాయి. ఆసుపత్రిలో టెలిఫోన్ల దగ్గర ఉద్యోగం దొరికింది. ఏ డాక్టరు ఏ గదిలో ఉంటాడో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆయనకి చేతకానిది ఒక్కటే, ఆ రోడ్డు దాటడం. కళ్ళున్నవాళ్ళకే దిక్కు లేదక్కడ. కార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయేవి. కాలిబాట నిండా బండ్లు నిలబెట్టి ఉండేవి. అందుకని రోజూ పొద్దున కుట్టు మిషన్ మీది నుంచి లేచి, ఆయన చెయ్యి పట్టుకుని దాటించి, ఆసుపత్రి గేటు దగ్గర వదిలిపెట్టేదాన్ని. సాయంత్రం మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చేదాన్ని.

మొగుడి చెయ్యి పట్టుకుని నడుస్తుంటే చూసేవాళ్ళకి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ చెయ్యి నా చేతిలో కట్టెలా బిగుసుకుపోయి ఉండేది. గేటు దగ్గరి వాచ్‌మన్ రోజూ, "అదిగో సార్, బడి వదిలారు, మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చారు" అని వేళాకోళం ఆడేవాడు. ఈయన అక్కడ నవ్వేవారు. ఇంటికొచ్చాక అన్నం కెలికి లేచిపోయేవారు. ఆయనకి కావలసిందల్లా ఆ రోడ్డు తనంతట తాను దాటడం. మనిషి ఇంకేమీ అడగలేదు, ఎవరినీ.

తమ్ముడికి ఆ రోడ్డు పని అప్పజెప్పినప్పుడు నేరుగా మా ఇంటికే వచ్చాడు. కాగితం మీద గీతలు బావకి కనపడవు కదా, అందుకని నేను బట్టలు కత్తిరించే బల్ల మీద నా దగ్గరున్న రిబ్బన్లు పరిచి, ఆయన వేలు పట్టుకుని చూపించాడు. "కార్లకి చోటు సగం తగ్గించేస్తున్నాం బావా. ఈ వెడల్పు రిబ్బను బస్సులది. సన్నది సైకిళ్ళది. ఈ లేసు ఉంది చూడు, ఇదంతా నడిచేవాళ్ళదే."

"లేసు జాగ్రత్తరా, అది వేరేవాళ్ళ గౌనుది" అన్నాను.

ఇంకోసారి వచ్చినప్పుడు రెండు రాళ్ళు మోసుకొచ్చాడు. ఒకదాని మీద పొడుగ్గా గీతలు ఉబ్బి ఉన్నాయి, రెండోదాని మీద గుండ్రంగా చుక్కలు. వాటిని నేల మీద పెట్టి, బావని చెప్పులు విప్పమన్నాడు.

"గీతల రాయి కాలి కింద ఉన్నంతసేపూ నడువు బావా. చుక్కల రాయి తగిలిందా, ఆగు. అంటే రోడ్డు అంచుకి వచ్చావన్నమాట. ఆగి, విను. సిగ్నల్ కూత పెడుతుంది. అప్పుడు దాటు."

ఆ సాయంత్రమంతా ఈయన ఒక రాయి మీది నుంచి ఇంకో రాయి మీదికి కాలు మారుస్తూనే ఉన్నారు. "మీ అక్క కూడా నాతో ఇంత స్పష్టంగా ఎప్పుడూ చెప్పలేదురా" అన్నారు.

"చెప్పాను. మీరు ఆగితే కదా" అన్నాను.

పోయేటప్పుడు తమ్ముడు, "మొదటిరోజు నువ్వొక్కడివే దాటాలి బావా. అక్క రాకూడదు" అని మాట తీసుకుని మరీ వెళ్ళాడు. రాళ్ళు మా ఇంట్లోనే ఉండిపోయాయి. చుక్కల రాయిని వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను.

తవ్వినన్నాళ్ళూ ఇల్లంతా దుమ్ము. వీధి వీధంతా మావాణ్ణి తిట్టిపోసింది. కింద కుర్చీల కొట్టాయన, "మీ తమ్ముడు సగం రోడ్డు మింగేశాడమ్మా" అన్నాడు. "మీ కుర్చీలు కాలిబాటంతా మింగినప్పుడు మీకు బాగానే అరిగిందిగా" అన్నాను. వాడి కోసం అందరితో తగాదా పెట్టుకున్నాను. అదీ నా పిచ్చి.

ప్రారంభోత్సవానికి కాలిబాట పొడుగునా తివాచీ పరిచారు. నేను కుట్టిచ్చిన చొక్కా వేసుకుని తమ్ముడు వాళ్ళ పెద్దాఫీసరు వెనకాల నిలబడ్డాడు. పిలిస్తే నా వైపు సరిగ్గా చూడలేదు. అలిసిపోయాడనుకున్నాను. "భోజనానికి రారా" అంటే, "చూద్దాం అక్కా" అన్నాడు.

మర్నాడు పొద్దున మా ఆయన తెల్ల కర్ర తీసుకుని, కాలికి బాగా తెలియాలని పల్చటి చెప్పులు వేసుకుని బయలుదేరారు. నేను మాటిచ్చాను కాబట్టి బాల్కనీలో నిలబడ్డాను. తివాచీ తీసేశారు. పైనుంచి చూస్తే కాలిబాట మెరిసిపోతోంది. ఈయన ఒక అడుగు వేసి ఆగారు. ఇంకో అడుగు వేసి మళ్ళీ ఆగారు. తల పక్కకి వంచి వింటున్నారు. వెనక వచ్చేవాళ్ళు విసుక్కుంటూ చుట్టూ తిరిగి పోతున్నారు. ఏమైందో నాకు అర్థం కాలేదు. బస్టాపు దాటాక ఒకచోట ఆయన నడక మారింది. వీపు నిటారుగా అయింది. హమ్మయ్య, దారి దొరికినట్టుందనుకున్నాను. చకచకా రెండడుగులు వేసి, సైకిళ్ళ దారిలోకి దిగి బస్సుకి అడ్డం వెళ్ళబోయారు.

బస్సు ఆగింది. సైకిలు ఆగలేదు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. నేను వెళ్ళేసరికి ఆయన కుడిచెయ్యి ఒంటి కింద నలిగేలా పడి ఉన్నారు. గుంపులో ఎవరో, "కళ్ళు కనపడటం లేదా?" అని అరుస్తున్నారు. "లేదు, కనపడవు" అన్నాను. అప్పుడు కిందికి చూశాను. నడిచే దారి మొత్తం చుక్కల రాళ్ళే. రోడ్డు అంచున మాత్రం, చుక్కలుండాల్సిన చోట, గీతలున్నాయి.

రోజూ పనిచేసే ఆసుపత్రికే ఆయన్ని మోసుకుపోయారు. తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. వరండాలో బెంచీ మీద నా పక్కన కూర్చోబోయాడు. నిలబడే చెప్పమన్నాను.

"పెద్దాఫీసరు చూడటానికొచ్చాడక్కా. చుక్కలు ఫోటోలో బాగున్నాయి, మొత్తం అవే వేయించమన్నాడు. చివర్లో అవి చాలక, మిగిలిన గీతల రాళ్ళు అంచున వేశారు."

"నువ్వేమన్నావు?"

"సరే సార్ అన్నాను. తర్వాత మార్పిద్దాంలే, అలాంటివి ఎవరు చూస్తారనుకున్నా."

"బావ ఒక్కడే వస్తాడని తెలుసు కదరా. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఎలాగూ నువ్వు తోడుంటావు కదా అనుకున్నానక్కా."

నా ఒళ్ళు మండిపోయింది. పెద్దాఫీసరుకి ఆ రాళ్ళ సంగతి తెలియదు, వదిలెయ్యి. వీడికి తెలుసు. బావ పాదం పట్టుకుని నేర్పింది వీడే. వీడు కూడా, ఆ వాచ్‌మన్ లాగే, నన్ను ఆయన చేతికర్ర అనుకున్నాడు.

కట్టు కట్టాక కొన్నాళ్ళకి ఆయన మళ్ళీ పనికి వెళ్తున్నారు. ఎడమచెయ్యి నాకిస్తున్నారు. ఆ చెయ్యి ఇప్పుడు బిగుసుకోవడం లేదు. గట్టిగా, పసివాడిలా పట్టుకుంటోంది. వాచ్‌మన్ వేళాకోళం మానేశాడు. నాకు ఆ పాత చెయ్యి కావాలి, కట్టెలా బిగుసుకునే చెయ్యి. ఎవడిని అడగాలి?

ఆదివారం తమ్ముడు పళ్ళు పట్టుకుని వచ్చాడు. మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు విని, వంటింటి తలుపు దగ్గరి చుక్కల రాయి తీసుకొచ్చి వీధి గుమ్మంలో పెట్టాను.

"కొత్త బడ్జెట్ రాగానే మార్పించేస్తానక్కా" అంటూ వచ్చిన వాడు కిందికి చూసి ఆగిపోయాడు.

లోపలి నుంచి ఆయన, "మీ తమ్ముడేగా? రమ్మనవే" అన్నారు.

నేను రాయి తియ్యలేదు. వాడు దాటలేదు. పళ్ళు గోడవారగా పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఎవరే?" అన్నారాయన మళ్ళీ.

"ఎవరూ లేరు" అన్నాను.

చెప్పుల చప్పుడు ఆయన విన్నారు. ఇంకేమీ అడగలేదు.