యేసుపాదం పక్క చోటు

వరహాలమ్మ చింతపండును బొటనవేలితో చీల్చి గింజను బయటికి నెట్టింది. గింజ చాటలో పడింది. మరొకటి తీసుకుంది. ఎర్రబోరు రోడ్డు పక్కన రేకుల గోదాంలో ఏళ్ల తరబడి ఆమె బతుకు ఇదే. పులుపుకు నాని నాని వేళ్ల కొసలు తెల్లగా పగిలాయి, గోళ్ల చుట్టూ చర్మం నల్లబడి గట్టిపడింది. ఇంట్లో కూరలో ఉప్పు వేయాలన్నా గరిటెతోనే వేస్తుంది. వేళ్లకు తగిలితే ప్రాణం పోతుంది.

పక్కనున్న గోనెపట్టా ఖాళీగా ఉంది. అది దోర్ల తెగ పిల్ల హుంగేది. రోజూ ఒక్క క్షణం నోరు మూసేది కాదు. "అవ్వా, నువ్వు పాలు ముట్టకే, విరిగిపోతయి" అని ఏడిపించేది. ఆమె మొగుడు సంజయ్ రాష్ట్ర సరిహద్దు అవతల మిరప కోతకు పోయి జ్వరంతో తిరిగొచ్చాడు. నిన్న కుంట ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఎండ నడినెత్తికొచ్చే వేళకు పాస్టరు గవర్రాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"సంజయ్ పోయాడమ్మా" అన్నాడు. "మన సంఘంలో కలిసినవాడని వాళ్ల ఊళ్లో పూడ్చనివ్వం అన్నారు. శవంతో ట్రాక్టరు ట్రాలీ రోడ్డు మీదే ఉంది."

వరహాలమ్మ చెయ్యి ఆగింది. అతను ఆమె వైపే చూస్తున్నాడు.

ఆమె మొగుడు యేసుపాదం పోయినప్పుడూ ఇంతే. సంఘంలో కలిసినవాడికి ఊరి మట్టి లేదన్నారు. ఆమె గొడవ పడలేదు, తన పెరట్లోనే గుంట తీయించింది. తర్వాత సంఘంలో ఎవరు పోయినా వరహాలమ్మ పెరడే దిక్కయింది. ఆమె ఎవరినీ కాదనలేదు. చివరికి ఊరివాళ్లు కూర్చుని, ఆ ముళ్లకంచె లోపలైతే సరే, కంచె దాటి పార పడితే ఊరుకోం అన్నారు. ఇప్పుడు లోపల మిగిలింది ఒక్క మనిషి పట్టే జాగా, యేసుపాదం కుడిపక్కన. అక్కడ ఆమె మేకను కట్టదు, బట్టలు ఆరేయదు. పొద్దున ఊడ్చేటప్పుడు, ఇక్కడ నా తల, ఇక్కడ నా కాళ్లు అనుకుంటుంది. ఇంత లోకంలో ఆమె తనకంటూ ఉంచుకున్నది అదొక్కటే.

"అట్ల చూడకుర్రి అయ్యగారూ. అది నాది."

"నేనేమీ అడగలేదమ్మా."

"అడిగితే తిట్టేదాన్ని. అదన్నా ఉండేది."

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ చింతపండు అందుకుంది, కానీ గింజ పండులో, పండు చాటలో పడసాగింది. మొన్న ఆదివారం ఈ అయ్యగారే చెప్పాడు. చేతిలో ఉన్నదేదీ మనది కాదు, అప్పగించినవాడికి లెక్క చెప్పాల్సిన గృహనిర్వాహకులమంతే అని. అప్పుడామె కొంగుముడిలోంచి కూలిడబ్బుల పదోవంతు తీసి కానుకల సంచిలో వేసింది. ఇక మిగిలిందంతా తనదేననుకుని నిశ్చింతగా ఇంటికెళ్లింది.

లెక్కలు రాసే మునీమ్‌కు చెప్పకుండానే లేచింది. ఒకసారి చూసి, ఏడ్చి వద్దామనే లేచింది. అంతే.

ట్రాలీలో సంజయ్‌ని చాపలో చుట్టారు. పాదాలు బయటికున్నాయి. హుంగే వాటి మీద కొంగు నీడ పట్టి కూర్చుంది. చంకలో పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. వరహాలమ్మ చేతులు చాచి పిల్లను తీసుకుంది. పిల్ల ఆమె వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. వెంటనే ముఖమంతా ముడుచుకుపోయింది, ఒక కన్ను మూసుకుపోయింది.

హుంగే నవ్వేసింది. "అవ్వా, కడుక్కోలేదా" అంది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది.

వరహాలమ్మ కొంగుతో పిల్ల నోరు తుడిచింది. తర్వాత డ్రైవరుతో అంది: "ట్రాలీ మా పెరటికి తిప్పు."

కొడుకు వినోద్ ఇటుకబట్టీ నుంచి పరుగున వచ్చాడు.

"నీకేమన్న పిచ్చా అమ్మా? నాయన పక్కన నువ్వు కాదా పండుకునేది?"

"నేనింక నిలబడే ఉన్న కదరా. వాడు పండుకునే వచ్చిండు."

"రేపు నిన్ను యాడ పెట్టాలె? నా నెత్తి మీదా?"

"అప్పటికి చూద్దాం."

"అప్పటికి నువ్వేం చూస్తవ్? చూసేది నేను!"

గవర్రాజు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఆదివారం నేను చెప్పింది కానుకల సంగతమ్మా" అన్నాడు.

"నాకు వేరే ఏముంది అయ్యగారూ?" అంది కోపంగా.

వినోదే పార పట్టాడు. పళ్లు కొరుకుతూ తవ్వాడు. వరహాలమ్మ పిల్లను భుజాన వేసుకుని దగ్గరే నిలబడింది, ఒక్కసారే మాట్లాడింది.

"కొంచెం అటు జరుపురా. మీ నాయన మీద మన్ను పడుతుంది."

వానలు మొదలయ్యాక, గోదాంలో ఒక మధ్యాహ్నం ఆమె బస్తాకు ఆనుకుని కళ్లు మూసుకుంది. "అవ్వా, లెవ్వు, మునీమ్ చూస్తుండు" అని హుంగే భుజం తట్టింది. మళ్లీ తట్టింది. వరహాలమ్మ లేవలేదు.

ఊరు మాట మార్చలేదు. కంచె లోపల చోటు లేదు. వినోద్ తల్లిని తడిసిన ట్రాలీలో సరిహద్దు అవతలికి తీసుకెళ్లి, ఆమె ముఖమెరుగని మనుషుల సమాధుల మధ్య పూడ్చి వచ్చాడు. హుంగే పిల్లనెత్తుకుని రోడ్డు మలుపు దాకా వెంట నడిచింది; అవతలికి వెళ్లడానికి ట్రాలీలో చోటు లేకపోయింది.

గోదాం కిటికీలో వరహాలమ్మ సద్దిగిన్నె ఉండిపోయింది. మూత మీద బిగించిన పాతగుడ్డ ముడి చుట్టూ చీమలు తిరుగుతున్నాయి. ఆ ముడి ఇంకా ఎవరూ విప్పలేదు.