దగ్గు వినబడకుండా

ఆ రోజు ఇంట్లో తమ్ముడు ఉన్నాడు, మరదలు ఉంది, లోపలి గదిలో మంచం మీద అమ్మ ఉంది. అక్క కూడా ఉంది. కానీ ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే ఆమె పేరు చెప్పడం ఎవరికీ అలవాటు లేదు. ఇంకాసేపట్లో యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల పత్రిక వాళ్లు వస్తారు. పాత వంతెనల మీద తమ్ముడు రాసిన కొత్త పుస్తకం గురించి అతన్ని మాట్లాడించి వీడియో తీసుకుంటారు.

అందుకే పొద్దున్నే అక్క కుట్టుమిషన్ హాల్లోంచి అమ్మ గదిలోకి వచ్చిపడింది. దాని మీద సగం కుట్టిన స్కూలు చొక్కాలు. అక్క తడిగుడ్డతో అమ్మ పెదవులు అద్దుతోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా అమ్మ మెడ కింద గుంట పడి, చాలాసేపటికి గానీ తేలడం లేదు.

“చిన్నోడేడే?” అంది అమ్మ.

“వస్తాడమ్మా.”

అక్క హాల్లోకి వెళ్లింది. తమ్ముడు అద్దం ముందు కాలరు సర్దుకుంటున్నాడు.

“ఒరేయ్, అమ్మ ఊపిరి బాగాలేదురా. డాక్టర్ని పిలుద్దాం. నువ్వొచ్చి కాసేపు కూర్చో, నీకోసమే చూస్తోంది.”

“వాళ్లు వచ్చి వెళ్లనీ అక్కా. గంట పని.”

“ఇవాళ వేరేగా ఉందిరా.”

“నిన్నా అదే అన్నారు వదినా,” అంది మరదలు సోఫా దిండ్లు దులుపుతూ.

పత్రిక నుంచి ఒక అమ్మాయి, కెమెరా అతను వచ్చారు. అక్క తెచ్చిన మంచినీళ్లు అందుకుంటూ ఆ అమ్మాయి అడిగింది: “మీరేం చదువుకున్నారాంటీ?”

“ఎమ్మెస్సీ లెక్కలమ్మా. మీ యూనివర్సిటీలోనే.”

“అయ్యో, అయితే మీ గురించీ రాయాలి! ఇప్పుడేం చేస్తున్నారు?”

“మా అక్క కాజాలు కుట్టడంలో డాక్టరేట్ చేసిందండీ,” అన్నాడు తమ్ముడు.

అందరూ నవ్వారు. నవ్వకపోతే బాగుండదని అక్క కూడా నవ్వింది.

అక్కకి లెక్చరర్ ఉద్యోగం వచ్చిన వారంలోనే అమ్మ మెట్ల మీద నుంచి పడింది. తమ్ముడికి అప్పుడు పరీక్షలు. అవి అయ్యాక వేరే పరీక్షలు, తర్వాత ఉద్యోగం, తర్వాత పెళ్లి. ఎవరూ ఆమెను ఉండమనలేదు. వెళ్లమనీ అనలేదు.

హాల్లో వీడియో మొదలైంది. అమ్మ దగ్గింది.

“మళ్లీ మొదటి నుంచి సార్,” అన్నాడు కెమెరా అతను.

అక్క అమ్మను లేపి తన గుండెకు ఆనించుకుంది. వీపు నిమిరింది. మళ్లీ దగ్గు.

“అబ్బా, అక్కా! కాస్త చూడవే!” హాల్లోంచి తమ్ముడు విసుక్కున్నాడు.

అమ్మ కళ్లు తెరిచింది. “చిన్నోడేనా?”

“వాడేనమ్మా. పుస్తకం గురించి చెబుతున్నాడు.”

“అయితే చెప్పనీ,” అంది అమ్మ. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని దగ్గును ఆపుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. తర్వాత తగ్గాయి. అక్క అరచేయి కింద వీపు ఒకసారి లేచింది. మళ్లీ లేస్తుందేమోనని ఆమె చేయి తీయకుండా చూసింది. లేవలేదు.

“మీ విజయం వెనక ఎవరున్నారు సార్?” హాల్లో ఆ అమ్మాయి అడుగుతోంది.

“ఇంకెవరండీ, మా అమ్మే. నేను దాటిన మొదటి వంతెన మా అమ్మ.”

“ఎంత బాగా చెప్పారు సార్! అమ్మగారితో ఒక్క ఫోటో తీసుకుంటాం.”

“సౌండు కూడా ఇప్పుడు శుభ్రంగా వచ్చింది,” అన్నాడు కెమెరా అతను.

అక్క అమ్మ నోట్లోంచి దుప్పటి అంచు తీసింది. తల దిండు మీద పెట్టి, లేచి గుమ్మం దాకా వచ్చింది. మరదలు అప్పటికే ఎదురొచ్చింది.

“అమ్మ…” అంది అక్క.

“తెలుసు వదినా, నిద్ర పట్టిందిగా. పోన్లెండి, ఇప్పటికి పట్టింది. కాస్త తల దువ్వి, దిండుకి ఆనించి కూర్చోబెట్టండి. ఈ పుస్తకం చేతిలో పెట్టండి, ఫోటోకి వస్తారు. ఇంకొక్క ప్రశ్నే ఉంది.”

చప్పుడు కాకుండా తలుపు వేసేసింది.

అక్క చేతిలో పుస్తకం మిగిలింది. కొత్తది, ఇంకా ఎవరూ తెరవనిది. పేజీల అంచులు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.