ఒలకని గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసుని. మామూలు గ్లాసుని అనుకునేరు! రాకెట్లకు లెక్కలు కట్టిన బుర్ర నన్ను కనిపెట్టింది. అడుగున బరువైన దిమ్మ, రెండు పక్కలా పిడులు, పైన బిగుతైన మూత, మూతకో సన్నటి ముక్కు. బాలానగర్ వర్క్‌షాపులో నన్ను లేతు మిషను మీద చెక్కుతున్నంతసేపూ పరాంకుశరావు గారు పక్కనే నిలబడి ఆ పనివాడి ప్రాణం తోడేశారు.

ఆయన రిటైరైన రాకెట్ ఇంజనీరు. ఆయనకు అభిప్రాయం లేని వస్తువు లోకంలో లేదు. టీవీ రిమోటుకు అన్ని మీటలు దేనికి? మిక్సీ మూత బిగించడానికి ఇంజనీరింగ్ చదవాలా? లిఫ్టు పక్కన అద్దం పెట్టినవాడు మాత్రం ఘటికుడు, ఎదురుచూపు తెలియనివ్వడు. “వాడే మనిషిని చూడకుండా వస్తువు చేసేవాడు ఇంజనీరే కాదోయ్” అని కాఫీ తాగుతూ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆ కాఫీ అందించే మనిషిని మాత్రం ఆయన పెద్దగా చూసినట్టు లేదు.

ఆ మనిషి ఆయన భార్య భ్రమరాంబ గారు. ఆవిడకు చేతులు వణికే జబ్బు వచ్చింది. నీళ్ళు మీద ఒలికిపోతున్నాయని సిగ్గుపడి, తాగడమే తగ్గించేశారు. ఒకరోజు కళ్ళు తిరిగి పడిపోయారు. ఇలాగే ఉంటే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు.

“మీరు కాస్త నోట్లో పోస్తే తాగుతాను కదండీ” అన్నారావిడ.

“ఒకరి మీద ఆధారపడే ఖర్మ నీకెందుకు? నేను చేస్తాగా, చూడు!” అంటూ ఆయన కాగితం, పెన్సిలు అందుకున్నారు. అలా పుట్టాను నేను.

నన్ను ఆవిడ చేతికిచ్చిన రోజు ఆయన మొహం వెలిగిపోయింది. ఆవిడ నన్ను రెండు చేతులా పట్టుకుని, తల వెనక్కి వంచి, పైకెత్తారు. సన్నటి ధార వణికి వణికి కంట్లో పడింది, మెడ మీద పడింది, జాకెట్టంతా తడిపింది.

“అదేమిటే, మూతికి పెట్టుకుని తాగాలి!”

“పుట్టి బుద్ధెరిగి ఎప్పుడైనా గ్లాసు ఎంగిలి చేశానా అండీ?”

ఆయన తెల్లబోయారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి ఆయన కంటబడనే లేదు. అయినా ఓడిపోవడం ఆయనకు చేతకాదు. “కడిగితే పోయే ఎంగిలికి ఇంత రాద్ధాంతమా?” అని విసుక్కున్నారు.

మర్నాడు ఆవిడ కళ్ళు మూసుకుని నన్ను పెదవులకు ఆనించుకున్నారు. ఒక్క చుక్క ఒలకలేదు. ఆయన చప్పట్లు కొట్టి, స్నేహితులకు ఫోన్లు చేసుకుంటూ బాల్కనీలోకి వెళ్ళిపోయారు. ఆవిడ కన్నీళ్ళు నా మూత మీద పడ్డాయి. నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. పోయేదాకా ఆవిడ నాతోనే నీళ్ళు తాగారు, ఒక్కరే కూర్చుని.

ఇప్పుడు నన్ను ఒక డిజైన్ కాలేజీలో అద్దాల బీరువాలో పెట్టారు. మొన్న ఆయన్ని ఉపన్యాసానికి పిలిచారు. అంతా అయ్యాక ఒక అమ్మాయి నా ముందు నిలబడి, “మేడమ్ గారికి ఇది బాగా నచ్చిందా సార్?” అని అడిగింది.

ఆయన బీరువా అద్దం మీద చెయ్యి ఆనించారు.

“నీళ్ళు నన్ను పోయమంది తల్లీ” అన్నారు. “నేను గ్లాసు చేసిచ్చాను.”